పదకొండో మెట్టు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం మల్లుదాసుగారి అలవాటు. ఆయన గోదావరి గట్టున పాక వేసుకుని, కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకుంటూ బతికేవారు. ఎవరైనా వెళ్ళి, "గురువుగారూ, ఆత్మ అంటే ఏమిటండీ?" అని అడిగితే, "ముందు ఈ కొస పట్టుకో నాయనా" అని తాడు రెండో కొస చేతికిచ్చేవారు. పొద్దుగూకేసరికి ఇరవై బారల తాడు తయారయ్యేది. ఆత్మ సంగతి మటుకు ఎక్కడిదక్కడే ఉండేది. అయినా జనం వెళ్ళేవారు. కొందరికి తిరిగి వచ్చే దారిలో జవాబు దొరికేదిట. దొరకనివాళ్ళకి కనీసం తాడు పేనడం వచ్చేది.

ఆయన శిష్యుల్లో నూకయ్య ఒకడు. దిగువలంకలో అర్జీలు రాసేవాడు. బడి మొహం చూసినవాడు కాడు. పాత పంచాంగాలు ముందేసుకుని తనంతట తానే అక్షరాలు నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు గనక తప్పు దిద్దేవాళ్ళు కూడా లేకపోయారు. అందుచేత తనకి తప్పులే రావనుకునేవాడు. ఈ మాట నేనంటున్నది కాదు, పెద్దవాడయ్యాక నూకయ్యే అనేవాడు. ఈ కథంతా అతను చెప్పిందే. ఎన్నిసార్లు చెప్పినా వెర్రివాడి వేషం ఇంకొకళ్ళకి ఇచ్చేవాడు కాదు.

ఒక శ్రావణమాసంలో, గోదావరికి ఎర్రనీరు తగిలిన రోజుల్లో, నూకయ్య గురువుగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"గురువుగారూ, చిన్నవాడు పెద్దవాడి నీడన బతికితే తప్పాండీ?"

"ఎవరయ్యా ఆ చిన్నవాడు?"

"మా లంకేనండి."

ఆ లంక ఒకప్పుడు ఒకటే ఊరు. పదేళ్ళ కింద వచ్చిన వరద లంక నడిమి అంచున నాలుగెకరాల కొత్త ఒండ్రు వేసి పోయింది. అది మాదంటే మాదని ఎగువవాళ్ళూ దిగువవాళ్ళూ కర్రలు తీశారు. మరుసటేడు వరద ఆ నాలుగెకరాలనీ తనే తీసుకుపోయింది. నేల పోయింది గానీ తగవు మిగిలింది. లంకకి అడ్డంగా ముళ్ళకంచె వేశారు. అక్కలు అటు, చెల్లెళ్ళు ఇటు అయిపోయారు. దిగువవాళ్ళకి భయం పట్టుకుని, అవతలి ఒడ్డునున్న కోటని ఆశ్రయించారు. ఉన్నమాట చెప్పుకోవాలి, కోట బాగానే చూసింది. నలుగురు బంట్రోతులని కాపలా పెట్టింది. కరువులో ధాన్యం పంపింది. ఎగువవాళ్ళకి ఏ కోటా లేదు. అందుకని వాళ్ళని చూసి దిగువవాళ్ళు జాలిపడేవారు.

ఒక్క చిక్కు మటుకు మిగిలింది. వరద వస్తోందో లేదో చూసుకునే కొలకర్ర లంక తలకట్టున, అంటే ఎగువవాళ్ళ వైపు ఉండిపోయింది. గంట్లు పెట్టిన పాత తాటిదూలం అది. అయిదో గంటు తడిస్తే పశువుల్ని విప్పాలి, ఏడో గంటు తడిస్తే మనుషులు మెరకకి చేరాలి. తాతల నాటి లెక్క. ఆ మెరక కూడా ఎగువనే ఉంది. దానికి కోటవారు, "మీకెందుకు బెంగ? మా రేవులో వరద నగారా ఉంది. మోగితే మీకు వినపడుతుంది" అన్నారు. దిగువలంక చేతులెత్తి దండం పెట్టింది.

నిరుడు మాత్రం నీళ్ళు ముందొచ్చాయి, నగారా తరవాత మోగింది. దిగువలంక పెద్దలు కూర్చుని బాగా ఆలోచించి, నగారా కొట్టే మనిషి కునుకు తీసి ఉంటాడని తేల్చారు. ఈసారి పెందలాడే కొడతాడని రెండు చక్కెరకేళీ గెలలు బహుమానంగా పంపారు. గెలలతోపాటు వెళ్ళిన విన్నపం నూకయ్య రాసిందే. అందులో నిద్ర గురించి ఎంత మర్యాదగా రాశాడంటే, అది తిట్టని అవతలివాడికి ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు కోట నుంచి కాగితం వచ్చింది. ఇకమీదట దిగువలంకకి కోట పంపినవాడే పెద్ద. లంక పడవలన్నీ కోట రేవులోనే కట్టాలి. కోటకి చెప్పకుండా ఎగువలంకతో మాటా మంచీ పనికిరాదు. సమ్మతమేనని పౌర్ణమిలోగా రాసివ్వాలి. ఊరి పెద్ద చిన్నబ్బులు, "ఒరే నూకయ్యా, చదువుకున్నవాడివి, నువ్వేం రాస్తే దానికి మా వేలిముద్రలు" అనేశాడు. ఊరు ఊరంతా తన కలం మొన మీద నిలబడిందని నూకయ్యకి మొదటిరోజు గర్వమేసింది. రెండోరోజు నిద్ర పట్టలేదు.

మల్లుదాసుగారు అంతా విన్నారు. ఈసారి తాడు కొస ఇవ్వలేదు. "రేపు పొద్దున్నే కోట రేవుకి వెళ్ళు. నగారా కొట్టే ఆయన పక్కన కూర్చో. మోగిందాకా ఉండు" అన్నారు.

"మోగకపోతేనో?"

"మోగలేదని వచ్చి చెప్పు."

మర్నాడు నూకయ్య తన చిన్న దోనెలో కోట రేవుకి వెళ్ళాడు. నగారా కొట్టే దస్తగిరి సాయిబు ముసలాయన, శుభ్రమైన మనిషి. నూకయ్యని చూడగానే, "గెలలు పంపిన ఊరివారా! రండి రండి. పళ్ళు తేనేననుకోండి" అని చాప వేశాడు. రేవుకి ఇరవై రాతిమెట్లు. గోదారి అప్పటికే మూడో మెట్టు మింగేసి నాలుగోదాన్ని నాకుతోంది. సాయిబు ఒక్కొక్క మెట్టూ మునిగినప్పుడల్లా గోడమీద సుద్దతో గీత గీస్తున్నాడు. కళ్ళు నీళ్ళ మీదనుంచి తీయడం లేదు. కునుకు తీసే మనిషి కాడని నూకయ్యకి గడియలో తెలిసిపోయింది. ఆ విన్నపం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం కాకముందే ఆరో మెట్టు మునిగింది. నూకయ్య యథాలాపంగా తల తిప్పి అవతలికి చూశాడు. పుట్టిన దగ్గర్నుంచీ లంకలోనుంచి కోటని చూసినవాడే గానీ, వరదరోజున కోటలోనుంచి లంకని చూడడం అదే మొదలు. పళ్ళెంలా పరిచినట్టు కనపడుతోంది. తన పెరడు కనపడింది. పెరట్లో గడ్డిమేటు కనపడింది. మేటు చుట్టూ నీళ్ళు కనపడ్డాయి.

"సాయిబుగారూ! కొట్టండి!"

"ఇంకా అయిదు మెట్లున్నాయయ్యా."

"అయిదు మెట్లేమిటండీ, మా పశువుల సావిట్లోకి నీళ్ళొచ్చేశాయి!"

దస్తగిరి నిబ్బరంగా అన్నాడు: "పదకొండో మెట్టుకే నాకు హుకుం. మా తాత కొట్టిందీ పదకొండుకే. పదకొండు మునిగితే కోటలో గుర్రాలసాలకి నీళ్ళొస్తాయి. ఒక్క మెట్టు ముందు కొట్టలేదు, ఒక్క మెట్టు వెనక కొట్టలేదు. నిరుడూ అంతే."

"మరి మా సంగతి?"

ముసలాయన మొహంలో జాలి కనపడింది. "ఈ నగారా మీకోసం పెట్టింది కాదు నాయనా. మీకు వినపడుతుంది, అంతే."

నూకయ్య లేచి దోనె దగ్గరికి పరిగెత్తాడు. గురువుగారు మోగిందాకా ఉండమన్నారన్నది గుర్తులేదు. ఇంతకాలం కలం పట్టిన చేతులు ఆ వడిలో తెడ్డు వేయలేకపోయాయి. ప్రవాహమే దోనెని లాక్కొచ్చి లంక కొసన విసిరేసింది. ఇంకో నాలుగు బారలైతే సముద్రానికే అర్జీ పెట్టుకోవలసి వచ్చేది. మోకాటిలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ ఊళ్ళోకి వచ్చేసరికి రెండు చప్పుళ్ళు వినపడ్డాయి.

ఒకటి కంచె అవతలినుంచి, బొంగురుపోయిన ఆడగొంతు: "ఆరో గంటూ... ఆరు దాటిందర్రా..." అది మావుళ్ళమ్మది. తొమ్మిదేళ్ళుగా వరదరోజుల్లో కొలకర్ర చూసివచ్చి, కంచె దగ్గర నిలబడి, దిగువవాళ్ళకి వినపడేలా గంటు చెప్పడం ఆవిడ పని. ఎవరూ పెట్టని పని. రెండోది ఇవతలినుంచి: ఇత్తడి పళ్ళేల మోత. శత్రువు నోటి మాట చెవిన పడరాదని, ఆవిడ మొదలెట్టగానే ఇంటికొకరు పళ్ళెం వాయించాలని దిగువలంక తీర్మానం చేసుకుంది. ఆ తీర్మానం రాసిందీ నూకయ్యే. ఆ మావుళ్ళమ్మ ఎవరో కాదు, నూకయ్య తల్లికి తోడబుట్టిన అక్క. తల్లి కూడా గుమ్మంలో కూర్చుని పళ్ళెం వాయిస్తోంది. కానీ గరిట అంచుకి తగిలీ తగలనట్టు, మెల్లిగా.

"ఆపండి!" అని అరిచాడు నూకయ్య. "తీర్మానం రాసినవాణ్ణి నేనే చెబుతున్నా, ఆపండి! ఆవిడ చెప్పేది వినండి! మెరకకి నడవండి!"

చిన్నబ్బులు పంచె మోకాళ్ళ పైకి పట్టుకుని ఎదురొచ్చాడు. "నగారా మోగలేదు కదరా! మోగకుండా కదిలితే కోటని నమ్మనట్టు కాదూ? రేపు వాళ్ళకి మొహం ఎలా చూపిస్తాం?"

"ఆ నగారా గుర్రాలకండీ బాబూ! మనకి కాదు!"

ఎవరికీ అర్థం కాలేదు. కానీ పళ్ళేలు ఆగాయి. ఆగినచోట మావుళ్ళమ్మ గొంతు ఒక్కటే మిగిలింది: "ఆరున్నరా..." తొమ్మిదేళ్ళలో ఆ గొంతు దిగువలంకకి పూర్తిగా వినపడడం అదే మొదటిసారి. మొట్టమొదట లేచింది నూకయ్య తల్లి.

వాళ్ళు కంచె దగ్గరికి చేరేసరికి అవతల మావుళ్ళమ్మ కత్తి పుచ్చుకుని ముళ్ళు నరుకుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి. మోచేతులదాకా రక్తపు గీతలు. "ముందు దూడల్ని పంపండి. తరవాత పసివాళ్ళు. పెద్దమనుషులు చివర, వాళ్ళకి తొందరేం లేదుగా, నగారా మోగందే!" అంది. చెల్లెల్ని మటుకు చెయ్యి పట్టి తన వైపుకి లాగింది.

నూకయ్య తల వంచుకుని, "పెద్దమ్మా, మేం వినమని తెలిసీ ఇన్నేళ్ళూ ఎందుకు అరిచావు?" అన్నాడు.

"నీళ్ళు నీ తీర్మానం చదివాయిట్రా?" అంది ఆవిడ, కత్తి ఆపకుండా.

ఎగువవాళ్ళు మెరక మీద గంజి కాచి ఉంచారు. వచ్చింది ఎవరని అడగకుండా పోశారు. అందరూ చేరి, గంజి తాగడం కూడా అయ్యాక, అవతలి ఒడ్డున నగారా గంభీరంగా మోగింది. దస్తగిరి సాయిబు మాట తప్పే మనిషి కాడు. చిన్నబ్బులు అలవాటుకొద్దీ లేచి కోట వైపు దండం పెట్టాడు. అప్పటికి ఆయన ఇంటి కప్పు మీద కాకి ఒక్కటే పొడిగా ఉంది.

మూడోనాటికి వరద తీసింది. ఒక్క ప్రాణం పోలేదు. ముళ్ళకంచె ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. అయినా ఇటువాళ్ళు అటు వెళ్ళేటప్పుడు ఆ చోటికి రాగానే పంచెలు ఎత్తిపట్టుకుని, లేని ముళ్ళని దాటుకుంటూ నడిచేవారు. నూకయ్యా అంతే.

కోట రెండు పడవల బియ్యం, బట్టలు పంపింది. నిజంగానే మంచి బియ్యం. వాటితోపాటు, పౌర్ణమి దగ్గర పడిందన్న కబురూ పంపింది. "ఇంత ఆదుకున్నవాళ్ళకి కాదని ఎలా చెబుతాంరా?" అన్నాడు చిన్నబ్బులు. "ఔనని మాత్రం ఎలా చెబుతాం?" అన్నది నూకయ్య తల్లి, ఎవరూ అడగకుండానే. నూకయ్య రెండు జవాబులు రాశాడు. ఒకటి సమ్మతమని, ఒకటి కాదని. రెండూ ముత్యాల్లాంటి అక్షరాలే. రెండూ మడిచి గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

జరిగిందంతా చెప్పాడు. నగారా మోగిందాకా ఉండలేకపోయానని ఒప్పుకున్నాడు. మెట్ల సంగతి చెప్పాడు, పళ్ళేల సంగతి దాచకుండా చెప్పాడు, మెరక మీద అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకే కుండ చుట్టూ కూర్చున్నది చెప్పాడు. కోట చెడ్డదనడానికి నోరు రావడం లేదనీ, మంచిదని వేలిముద్ర వేయించడానికి చెయ్యి రావడం లేదనీ చెప్పాడు. చెప్పి, రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టి, "ఏది పంపమంటారండీ?" అని అడిగాడు.

మల్లుదాసుగారు కాగితాలు విప్పలేదు. నూకయ్య భుజం మీదుగా గట్టు దారి వైపు చూశారు, ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు.

"మెరక మీదికి లంకంతా వచ్చిందన్నావు. ఈ జవాబు తేల్చడానికి దిగువ సగమే వచ్చిందేం నాయనా?" అన్నారు.