రావిమొగ మంచినీళ్ళు

భూపతిరాజు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే బదులు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినన్నాళ్ళూ అంతే, రిటైరయ్యాకా అంతే. "పద, అలా వెళ్ళొద్దాం" అన్నారంటే అడిగినవాడికి ఆ పూట మూడిందన్నమాటే.

ఆ ఆదివారం అడిగినవాడు తారకేశ్వరరావు. ఒకప్పుడు ఆయన శిష్యుడు, ఇప్పుడు పర్యావరణ అనుమతుల కార్యాలయంలో ఇంజనీరు. సముద్రపొడ్డున ఉన్న గ్యాస్ బావుల నుంచి పైపులైను వేస్తామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టుకుంటే, ఆ దారంతా తనిఖీ చేసి నివేదిక రాసింది ఇతనే. మర్నాడు కమిటీ కూర్చుంటుంది, అనుమతి ఇచ్చేస్తుంది. కానీ మొన్న ప్రజాభిప్రాయ సేకరణలో జనం ఇతన్ని నోరెత్తనివ్వలేదు. కంపెనీ మనిషివన్నారు. కంపెనీవాళ్ళ టీ కూడా ముట్టని మనిషాయె, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

"చట్టం అడిగిన కాగితాలన్నీ పెట్టాను మాస్టారూ. నివేదికలో ఒక్క గడి ఖాళీ వదల్లేదు. అయినా జనం నన్ను నమ్మరేం?"

మాస్టారు నివేదిక అడిగి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని మొదటినుంచీ చదివారు. రావిమొగ ఊరి పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నారు.

"రావిమొగ వెళ్దాం. దాహంగా ఉంది."

ఇంట్లో కుండనిండా నీళ్ళున్నాయి. గురువుగారి దాహాన్ని శంకించే ధైర్యం లేక తారకేశ్వరరావు కారు తీశాడు. కాలేజీ రోజుల్లో ఆ తీరంలో నూతుల నీళ్ళు పరీక్షించడానికి మాస్టారు పిల్లల్ని తిప్పేవారని అతనికి దారిలో గుర్తొచ్చింది.

రావిమొగలో సూరమ్మ అనే ఆవిడ ఇంటి పెరట్లో పైపులైను హద్దు రాయి పాతి ఉంది. ఆ రాయికి ఇరవై అడుగుల దూరంలో, కొబ్బరిచెట్ల నీడన, ఆకులు రాలకుండా తాటాకు పందిరి వేసిన నుయ్యి. తారకేశ్వరరావుని చూడగానే సూరమ్మ ముఖం విప్పారింది. "బాబుగారేనండీ! కూర్చోండి" అంటూ అరుగు తుడిచి, ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్ళిచ్చింది.

"ఎంత బావున్నాయమ్మా!" అన్నారు మాస్టారు.

"ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పేనండి. ఈ ఒక్క నుయ్యే తియ్యన. పద్నాలుగిళ్ళోళ్ళం ఇయ్యే తాగుతావండి. మొన్న బాబుగారు మూడు గ్లాసులు తాగి, ఇంత తియ్యటి నీళ్ళు నా జన్మలో తాగలేదమ్మా అన్నారండి."

తారకేశ్వరరావు తాగబోతున్న గ్లాసు అరుగు మీద పెట్టేశాడు.

తనిఖీకి వచ్చిన ఆ రోజు మిట్టమధ్యాహ్నం. కూర్చున్నది ఈ అరుగు మీదే. కంపెనీ తాలూకు కుర్రాడు ఒక్కో గడీ చదువుతున్నాడు. గొట్టం దారికి వంద మీటర్లలో తాగునీటి వనరులేమైనా ఉన్నాయా అన్న గడి వచ్చింది. "శాటిలైట్ మ్యాపులో ఏమీ లేదు సార్" అన్నాడు. తారకేశ్వరరావు నీళ్ళ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో 'లేవు' అని రాశాడు. రాసి, మిగిలిన నీళ్ళు తాగేశాడు.

సూరమ్మ చెప్పుకుపోతూనే ఉంది. "కందకం తవ్వి నీళ్ళు తోడేత్తే సముద్రం ఉప్పు నూతిలోకి లాగేత్తదని మా ఆయన ఒకటే భయవండి. మీటింగులో గొడవ చేత్తానన్నాడు. నేనే ఆపేనండి. ఆ బాబుగారు సొయంగా తాగెళ్ళేరు, ఆయన రాయకుండా ఉంటారేటి అన్నానండి." నవ్వుతూ అతని వైపు తిరిగింది. "రాసేరు కదండీ?"

సభలో అంతమంది తిట్టినప్పుడు అతనికి కోపం వచ్చింది. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు. "చూస్తానమ్మా" అని గొణిగాడు. ఆవిడ దాన్ని అవుననే అనుకుంది. దారిలో తాగండని సీసానిండా నీళ్ళు నింపి అతని చేతికిచ్చింది.

సగం దారి వచ్చాక కారు పక్కకి ఆపాడు. నీళ్ళ సీసా ఒళ్ళోనే ఉంది, మూత తియ్యలేదు.

"రేపు నివేదిక వెనక్కి తీసుకుంటే, చూడకుండా రాశానని కమిటీ ముందు నా నోటితో నేనే ఒప్పుకోవాలి. ఇక నా పరువేం కావాలి మాస్టారూ? అసలే నన్నెవరూ నమ్మట్లేదు."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు:

"ఒకావిడ నమ్మింది కదా నాయనా. నువ్వేం రాశావో ఆవిడకింకా తెలీదు."