గులకరాళ్ల మీద ముంగిస దొంగచూపులు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, జంతువులకు ఒక ఆట ఉండేది. ఎవరో ఒకరు ఎండిన సొరబుర్రను ఎక్కడో దాచేవారు. దాన్ని కనిపెట్టినవాళ్లు అందులో ఒక ఈకో, గింజో వేసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి. ఆటలో లేనివాళ్ల కంట మాత్రం ఆ బుర్ర పడకూడదు.

ఈసారి బుర్ర గులకరాళ్ల మేట మీద ఉందని ముంగిసకు ఆనవాలు అందింది. ఎగురుకుంటూ వెళ్లింది. తీరా చూస్తే అక్కడ తీతువు పిట్ట కదలకుండా కూర్చుని ఉంది.

"ఎక్కడికే ముంగిసా?" అంది తీతువు.

"ఎక్కడికీ లేదత్తా! ఎండ కాచుకుందామని" అంటూ ముంగిస వెల్లకిలా పడుకుంది. ఒక కన్ను మూసి, రెండో కంటితో రాళ్లన్నీ గాలించింది.

"మిట్టమధ్యాహ్నం ఎండ కాచుకుంటావా?"

ముంగిస గబుక్కున లేచి కుంటడం మొదలుపెట్టింది. "కాల్లో ముల్లు దిగిందత్తా. దాన్నే వెతుకుతున్నా."

"కాల్లో దిగిన ముల్లును రాళ్లలో వెతుకుతావేం?"

ముంగిస కుంటుకుంటూనే ఇంకాస్త దగ్గరికి జరిగింది. అప్పుడు తీతువు "అమ్మో, నా రెక్క విరిగింది!" అని మూలుగుతూ, రెక్క ఈడ్చుకుంటూ దూరంగా వెళ్లింది.

'ఓహో! అత్త కూడా ఆటలో ఉందన్నమాట. నన్ను పక్కకు లాగుతోందంటే బుర్ర ఇక్కడే!' అనుకుని ముంగిస ఆ చోటికి ఒక్క దూకు దూకింది.

అక్కడ బుర్ర లేదు. మచ్చల గుడ్లున్నాయి.

"గుడ్ల దొంగ!" అని తీతువు పెట్టిన కేకకు అడవి దద్దరిల్లింది. అందరూ పరుగున వచ్చారు.

"తరమండి దీన్ని వాగు అవతలికి! మళ్లీ ఈ ఒడ్డున కనపడితే కుమ్మేస్తా" అంది అడవిదున్న.

ముంగిస పుట్టి పెరిగిన కన్నం ఇక్కడే ఉంది మరి. "గుడ్ల కోసం కాదత్తా, బుర్ర కోసం! ఆట! ఒట్టు!" అని అరిచింది.

తీతువు విరిగిన రెక్క కాస్తా టక్కున ముడుచుకుంది. "ఆ మాట ముందే నా చెవిలో చెప్పొచ్చుగా! పొద్దున కుందేలు అలాగే చెప్పింది. 'అత్తా, ఆడుకోడానికొచ్చా, నీ గూటి జోలికి రాను' అంది. చూపించి పంపాను. అదిగో, ఆ తెల్లరాయి కింద..."

మాట పూర్తి కాలేదు. గుంపులోంచి ఒక కోతి ఒక్క గెంతు గెంతింది. బుర్ర దాని నెత్తిన టోపీ అయిపోయింది.

"అది టోపీ కాదురా, మా ఆట!" అని అడవంతా వినిపించేలా అరుస్తూ ముంగిస దాని వెంట పడింది.

నీతి: దాచాల్సింది వస్తువును, వచ్చిన పనిని కాదు. చెప్పాల్సినవాళ్లకు నెమ్మదిగా చెప్పనివాడు, చివరికి ఊరందరికీ అరిచి చెప్పుకోవాలి.