సుగంధిపాల వేరు కోసం

మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. వడగాలి కొడుతోంది.

నల్లచెలమ అడవిలో కుందేళ్లు, కొండముచ్చులు, ఏదుపందులు కలిసిమెలిసి ఉండేవి. ఆ పూట బూదెమ్మ అనే కుందేలుకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆమె నలుగురు పిల్లల్లో చిన్నదానికి వడదెబ్బ తగిలింది. పొద్దుటి నుంచి కళ్లు తెరవలేదు.

"సుగంధిపాల వేరు నమిలించు. ఒంట్లో వేడి దిగుతుంది," అంది ముసలి ఏదుపంది ముళ్లవ్వ. "గట్టు కింద ఉంటుంది. కానీ అచ్చం అలాగే కనిపించే వేరే తీగలూ ఉన్నాయి. చూసి తవ్వాలి."

చెట్టు మీద గండయ్య అనే కొండముచ్చు పకపకా నవ్వాడు.

"తవ్వడం దేనికే ముసలీ? ఆకు తుంచితే పాలు కారాలి, అంతే! నేను కొమ్మ మీది నుంచే గుర్తుపడతా. పదండర్రా!"

బూదెమ్మ ఆపేలోపే పెద్దపిల్లలు ముగ్గురూ అతని వెంట ఉరికారు.

ఆమె బొరియలోకి వెళ్లింది. బయటికొచ్చింది. మళ్లీ వెళ్లింది.

"అవ్వా, గుర్తులు చెప్పు."

"ఆకులు ఎదురెదురుగా, జంటలుగా ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాయి. నడి ఈనె వెంట తెల్లచార. తుంచితే పాలు. అన్నీ కలిసినా, వేరు వాసన చూడందే నోట పెట్టకు."

"చిన్నదాన్ని నువ్వు చూసుకో." అంతే, బూదెమ్మ పరుగు తీసింది.

గట్టు కింద గండయ్య, "ముందు మీరు రుచి చూడండి," అంటూ ఆకులు పంచుతున్నాడు. పిల్లలు నోళ్లు తెరిచారు.

"ఆగండి!"

బూదెమ్మ ఆకు తిప్పి చూసింది. జంటాకులే. పాలూ ఉన్నాయి. కానీ ఆకు గండయ్య అరచెయ్యంత వెడల్పు. చార లేదు.

"వేరు చూశావా?"

"మా వంశంలో ఎవరూ మట్టి గీకలేదమ్మా!" అంటూ గండయ్య గుప్పెడాకులు నోట్లో కుక్కుకున్నాడు. కాసేపటికే కడుపు పట్టుకుని కక్కడం మొదలుపెట్టాడు.

పిల్లలు తమ ఆకులు అవతల పారేశారు. బూదెమ్మ ముళ్లపొద కింద వెతికింది. సన్నని తీగ. సన్నని ఆకు. తెల్లచార. పాలు.

"ఇదేనమ్మా! తొందరగా పోదాం. చెల్లి..."

"ఇంకొక గుర్తు చూడాలి."

నేల రాయిలా ఉంది. గోళ్లు విరిగాయి. అయినా తవ్వింది. వేరు గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది. గుప్పున కమ్మటి వాసన!

ఇంటికి తెచ్చి ఆ వేరు నమిలించింది. పొద్దు వాలేసరికి చిన్నది కళ్లు తెరిచి, "ఆకలి," అంది. గండయ్య మాత్రం మూడు రోజులు చెట్టెక్కలేకపోయాడు.

ఆ సాయంత్రం బూదెమ్మ బొరియ గుమ్మంలో కూర్చుంది. ఒక్కొక్కరి వీపు తడిమింది. ఒకటి. రెండు. మూడు. ఒళ్లో, నాలుగు.

నీతి: ఒక్క గుర్తు కలిసిందని నమ్మకూడదు, ప్రాణం మీది పనిలో ఆఖరి గుర్తు దాకా చూడాలి.