కాళ్లకు పాలు

ఆ రాజ్యం పేరు ఇప్పుడెవరికీ గుర్తు లేదు. పూడిక తీయించే ఖర్చు తప్పుతుందని అక్కడి రాజు ఊరి బావులన్నీ ఒక గుత్తేదారుకు అప్పగించాడు. అతను బావులను అద్దంలా శుభ్రం చేయించి, తాళాలు వేసి, నీళ్లు కడవల లెక్కన అమ్మసాగాడు.

ఆ శుభ్రత చూద్దామని రాజు గుత్తేదారును వెంటబెట్టుకుని సాలెవీధికి వచ్చి, సుంకులమ్మ అనే ముసలామె గడప ముందు ఆగాడు. వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం ఆ ఊరి మర్యాద. సుంకులమ్మ చెంబు తెచ్చి రాజు పాదాల మీద వంచింది. తెల్లగా పాలు పడ్డాయి.

“ఇదేం పిచ్చి, ముసలమ్మా! నీళ్లు లేవా?” అని గుత్తేదారు కసిరాడు.

“నీళ్లు తమరివి బాబూ. పాలైతే మా ఆవువి.”

రాజు నవ్వబోయాడు. “ఎవరొచ్చినా పాలే పోస్తావా అవ్వా?”

“ఇవాళ్టి వరకే మారాజా. ఆవుకు తాగడానికి నీళ్లు కొనలేక రేపు దాన్ని అమ్మేస్తున్నాం. తమరు ముందే వచ్చి మా పరువు నిలబెట్టారు.”

ఆమె మనవరాలు తలుపు పట్టుకుని, మట్టిలో ఇంకిపోతున్న పాలనే చూస్తోంది. రాజు చప్పున కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

“తాళాలు తీయించు. పూడిక మేమే తీయించుకుంటాం,” అని గుత్తేదారుతో అన్నాడు.

సుంకులమ్మ లోపలికి రమ్మని ఎంత పిలిచినా, ఆ కాళ్లతో ఆయన గడప దాటలేకపోయాడు.