తేనెపిట్ట చెత్త ఇల్లు

ఒకప్పుడు తేనెపిట్ట గూడంత అందమైన గూడు పెరడు మొత్తంలో ఇంకోటి ఉండేది కాదు. నిజం. ఇప్పుడు మీ దండేనికి వేలాడుతూ కనిపించే ఆ చెత్త ముద్ద ఉంది చూశారా, అది కాదు. అప్పట్లో దాని లెవెలే వేరు.

గోడలన్నీ తెల్లటి బూరుగు దూది. గుమ్మం చుట్టూ మోదుగపూల రేకులు. ఎవరి చీర అంచులోంచో ఊడిన జరీ పోగు దొరికితే దాన్ని తోరణంలా కట్టేది. పొద్దున్న ఎండ పడిందంటే గూడు ధగధగా మెరిసిపోయేది. పక్కింటి పిచ్చుకలు కూడా పని మానుకుని వచ్చి చూసి పోయేవి.

ఈ తేనెపిట్ట ఉండేది వరహాలమ్మ ఇంటి పెరట్లో. పెంకుటిల్లు. అందులో వరహాలమ్మ, ఆమె మొగుడు ఎర్నాయుడు, ఇద్దరే. పెరట్లో ఒక దానిమ్మ, ఒక జామ, కరివేపాకు, మందారం, గోడ వారగా వేప. వసారా స్తంభం నుంచి దానిమ్మ దాకా బట్టలారేసే దండెం. మనకి అది చిన్న పెరడే. పిట్టలకి మాత్రం పెద్ద ఊరు.

చలి పోయి, వేప పాత ఆకులన్నీ రాల్చేసి ఎర్రగా చిగురేసిందంటే ఆ ఊళ్ళో ఒకటే హడావుడి. ఉడత నోటి నిండా పీచు కుక్కుకుని జామ ఎక్కేది. పిగిలిపిట్ట కరివేపాకులో పుల్లలు పేర్చేది. తొండ గోడెక్కి, మెడ ఎర్రగా చేసుకుని, తల ఊపుతూ అందరి పనీ చూస్తూ ఉండేది. అది మాత్రం ఏ పనీ చేసేది కాదు. చూడ్డమే దాని పని.

అందంగా కట్టుకోవడం తప్పేం కాదు. అసలు తప్పు గూడు పూర్తయ్యాక జరిగేది. తేనెపిట్ట మొగుడు గృహప్రవేశం పెట్టేవాడు.

ఈ మొగుడి గురించి కొంచెం చెప్పాలి. నీలంగా, ఊదాగా, నల్లగా మెరిసిపోతుంటాడు. పుల్ల కూడా మోయడు. పెళ్ళాం ముక్కున దూది పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే, తను వెనకాలే ఎగురుతూ పాట పాడతాడు. అదే తన కష్టం అనుకుంటాడు. గూడు అయిపోగానే మాత్రం చెట్టు చెట్టుకీ వెళ్ళి అందర్నీ పిలిచేవాడు. ఉడతని, పిగిలిపిట్టని, తొండని, ఆఖరికి వేప మీదుండే కాకిని కూడా. కాకిని ఎందుకని పెళ్ళాం అడిగితే, పెద్దవాడు, పిలవకపోతే బాగోదు అనేవాడు.

అందరూ వచ్చేవాళ్ళు. మందారాల్లో తేనె తాగి, గూడు బాగుందని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. కాకి మాత్రం అంత తొందరగా కదిలేది కాదు. గూడు చుట్టూ తిరిగి గుమ్మం ఎటుందో చూసేది, లోపల ఎంత లోతుందో అడిగేది, గుడ్లెప్పుడు పెడతారో కనుక్కునేది. మొగుడు మురిసిపోతూ అన్నీ చెప్పేవాడు.

తర్వాతేం జరిగేదో మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. తేనెపిట్ట ఒక్కసారి అలా పూల దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి దూది చిరిగిపోయి, గూడు ఖాళీగా ఊగుతూ ఉండేది. కాకి వేప కొమ్మకి ముక్కు తుడుచుకుంటూ కనిపించేది. పైగా పరామర్శకి వచ్చేది. "ఎంత కష్టం వచ్చింది చెల్లెమ్మా, మొన్ననే కదా గృహప్రవేశం చేసుకున్నారు" అనేది.

ఏటా ఇదే కథ. ఏటా కొత్త గూడు, కొత్త గృహప్రవేశం, మళ్ళీ ఖాళీ. తేనెపిట్టకి ఒక్క పిల్ల కూడా దక్కలేదు.

ఆ ఏడు వేప చిగురేసింది. తేనెపిట్ట దూది కోసం వెళ్ళలేదు. వసారా మూల, చూరు కింద ఉండే సాలీడు దగ్గరికి వెళ్ళింది. సాలీడు బాగా ముసలిది. అందరూ అత్తా అని పిలుస్తారు. మామూలుగా అయితే తేనెపిట్ట వస్తుందంటే అత్త పరుగో పరుగు, ఎందుకంటే తేనెపిట్టలకి సాలీళ్ళంటే చాలా ఇష్టం, తినడానికి. ఆ రోజు మాత్రం దాని మొహం చూసి అత్త పారిపోలేదు. అయినా ఎందుకైనా మంచిదని కొంచెం లోపలికి జరిగి కూర్చుంది.

తేనెపిట్ట ఉన్నదంతా చెప్పుకుంది. ఈసారి కూడా పోతే ఇంక గూడు కట్టే ఓపిక లేదంది.

అత్త అంతా విని అడిగింది. "ఇన్నేళ్ళుగా ఈ వసారాలోంచి వస్తూ పోతూ ఉన్నావు కదా. నా ఇల్లు ఎప్పుడైనా చూశావా?"

"లేదత్తా."

"ఎవరూ చూడరు. బూజు కదా అనుకుంటారు. బూజుకేసి ఎవరు చూస్తారే?"

తేనెపిట్టకి బుర్రలో దీపం వెలిగినట్టయింది.

అత్త తన పాత గూళ్ళన్నీ ఇచ్చేసింది. తేనెపిట్ట ఆ బూజుని దండేనికి చుట్టింది, సరిగ్గా వసారా పక్కన, మనుషులు తిరిగే చోట. దానికి ఎండిపోయిన ఆకులు అతికించింది. చెట్టు బెరడు ముక్కలు, పనికిరాని గడ్డి, చివరికి గొంగళిపురుగు పెంటికలు కూడా తెచ్చి అంటించింది. కింద ఒక పీలిక తోకలా వేలాడదీసింది. లోపల మాత్రం మెత్తటి దూది పరిచింది. అది ఎవరికీ కనిపించదు కదా.

మొగుడు వచ్చి చూశాడు. చుట్టూ ఒక చక్కర్ కొట్టి మళ్ళీ చూశాడు. ఇల్లెక్కడ అని అడిగాడు. ఇదే అంది. పాపం, ఆ పూట పాట పాడలేదు. నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలన్నాడు. గృహప్రవేశానికి ఏం చూపించాలన్నాడు. గృహప్రవేశమే లేదని పెళ్ళాం తేల్చి చెప్పేసింది. అలిగి దానిమ్మ అవతలికి వెళ్ళి కూర్చున్నాడు.

పెరడంతా గుసగుసలు మొదలయ్యాయి. వీళ్ళు చితికిపోయారంట అని ఉడత పిగిలిపిట్టతో అంది. మొగుడు సరిగా చూసుకోవట్లేదేమో అని పిగిలిపిట్ట ఉడతతో అంది. తొండ ఇద్దరి మాటలకీ తల ఊపింది. తేనెపిట్టకి అన్నీ వినిపించాయి.

గుడ్లు పెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం అది తేనె తాగి తిరిగొచ్చేసరికి కాకి దండెం మీద కూర్చుని ఉంది. గూడు పక్కనే. ఇంకొంచెం జరిగితే తోక గూటికి తగిలేది.

"ఏం చెల్లెమ్మా, ఈ ఏడు పిలుపే లేదు" అంది కాకి. "ఇల్లెక్కడ కట్టారేంటి?"

"కట్టలేదు కాకన్నా. ఓపిక లేదు."

కాకి జాలిగా తలూపింది. చుట్టూ చూసింది. చెత్త ముద్దని కూడా చూసింది. మీ మొగుడితో ఒకసారి మాట్లాడతానులే అంటూ దండేనికి ముక్కు అటూ ఇటూ తుడుచుకుని ఎగిరిపోయింది. ముక్కు తుడుచుకున్నప్పుడు దండెం ఊగి, గుడ్లు లోపల ఒకదానికొకటి తగిలాయి. కాకికి ఆ చప్పుడు వినిపించలేదు. తేనెపిట్టకి మాత్రం ఉరుములా వినిపించింది.

కొన్నాళ్ళకి పిల్లలు బయటికి వచ్చాయి. ఈకల్లేవు, కళ్ళు తెరవలేదు, కానీ నోళ్ళు మాత్రం ఇంత పెద్దవి. తేనెపిట్ట పిల్లల నోళ్ళు చూడ్డం అదే మొదటిసారి. అలిగిన మొగుడు కూడా లోపలికి తొంగి చూశాడు. చూసి, వెళ్ళి ఒక పురుగు పట్టుకొచ్చాడు. అదే అతను మోసిన మొదటి బరువు.

అంతా బాగానే ఉంది అనుకునేలోపు సాలీడు అత్త దండెం మీద పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఒక ముక్క చెప్పడం మర్చిపోయానే" అంది రొప్పుతూ. "బూజుకేసి ఎవరూ చూడరన్నాను కదా. ఏడాదికోసారి చూస్తారు."

ఉగాది దగ్గర పడింది. వరహాలమ్మ తలకి గుడ్డ చుట్టుకుని, పొడుగాటి బూజుకర్ర పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఎర్నాయుడు అరుగు మీద సున్నం కలుపుతున్నాడు. కలుపుతున్నాడో కునుకు తీస్తున్నాడో చెప్పడం కష్టం.

కర్ర ఒక్కసారి తిరిగింది. అత్త ఇల్లు పోయింది. ఇంకోసారి తిరిగింది. చూరు కింద పాత కందిరీగల గూడు రాలిపడింది. గోడ మీద కాకి వచ్చి కూర్చుంది. ఇల్లు దులిపే రోజున పురుగులు రాల్తాయి కదా, ఏటా వస్తుంది. ఆ రోజు కూడా వచ్చి ప్రతిదీ కళ్ళింత చేసుకుని చూస్తోంది.

ఇప్పుడు తేనెపిట్ట పరిస్థితి ఆలోచించండి. అరిస్తే వరహాలమ్మ ఆగుతుందేమో. కానీ కాకికి తెలిసిపోతుంది. అరవకపోతే కాకికి తెలీదు. కానీ కర్ర వచ్చేస్తుంది.

మొగుడు అరవబోయాడు. తేనెపిట్ట వద్దని కళ్ళతోనే చెప్పింది. చప్పుడు లేకుండా ఎగిరి గూట్లోకి దూరింది. పిల్లల మీద కూర్చుని, గుమ్మంలోంచి ముక్కు మాత్రం బయటపెట్టింది. ఇంక చెయ్యడానికి ఏమీ లేదు. పోతే అందరం పోతాం అనుకుంది.

వరహాలమ్మ దండెం దగ్గరికి వచ్చింది. ఈ చెత్తేంటి ఇక్కడ వేలాడుతోంది అని గొణుక్కుంటూ కర్ర పైకెత్తింది. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోయింది.

చెత్తకి ముక్కుంది.

వరహాలమ్మ కొంచెం వంగింది. ముక్కు పక్కన ఒక కన్ను. కన్ను ఆమెనే చూస్తోంది, రెప్ప వెయ్యట్లేదు. దాని కిందనుంచి సన్నగా, ఉందా లేదా అన్నట్టు, పిల్లల చప్పుడు.

"ఒలే వరాలూ, ఏటది? ఆగిపోయావు?" అన్నాడు ఎర్నాయుడు అరుగు మీంచి.

వరహాలమ్మ గోడకేసి చూసింది. కాకి మెడ సాచి ఇటే చూస్తోంది. ఆ కాకి సంగతి ఆమెకి బాగా తెలుసు. వడియాలు పెట్టినప్పుడల్లా ఇద్దరికీ యుద్ధమే.

"ఏటీ నేదు మావా. బూజు."

"బూజైతే దులిపీ మరి."

"ఉండనీ. ఆ కాస్తా ఉంటే ఇల్లేటి పడిపోదు గానీ, నువ్వు సున్నం కలుపు."

కర్ర గూటిని దాటుకుని అవతల మూలకి వెళ్ళిపోయింది. కాకి కాసేపు చూసి, బూజులో ఏముంటుందిలే అని రాలిన పురుగుల మీద పడింది.

గూట్లో తేనెపిట్ట అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ గాలికి గూడు కొంచెం ఊగింది. దండెం మీద అత్త కూడా కాళ్ళన్నీ వదిలేసి కూలబడింది. ఇల్లు పోయింది గానీ అదేం పట్టించుకోలేదు. మళ్ళీ నేసుకుంటే సరి.

ఆ రోజు నుంచి వరహాలమ్మ దండేనికి ఆ వైపు బట్టలు ఆరేయలేదు. ఉగాదికి వచ్చిన చుట్టం ఒకావిడ, ఇల్లంతా తళతళలాడుతుంటే ఇక్కడ బూజు వదిలేశావేంటి అని వేలు చూపించింది. వరహాలమ్మ ఆమె చేతిలో ఉగాది పచ్చడి పెట్టి, వేపపువ్వు ఎక్కువైందేమో చూడమని మాట మార్చేసింది.

మొగుడు పిట్ట కూడా ఊరుకోలేదు. రోజూ గూటికి దూరంగా, వేప చిటారు కొమ్మెక్కి గొంతు చించుకుని పాడేవాడు. గూడు అక్కడే ఉందేమో అని కాకి వేపంతా వెతికింది. కొమ్మ కొమ్మా వెతికింది. పాట తప్ప ఏం దొరకలేదు.

తర్వాత ఒక పొద్దున్న పెరట్లో అందరూ చూస్తుండగా చెత్త ముద్ద కదిలింది. గుమ్మంలోంచి ఒక పిల్ల దూకింది, తడబడి దండెం పట్టుకుంది. వెనకే ఇంకోటి వచ్చింది. ఉడత నోట్లో పీచు జారిపోయింది. పిగిలిపిట్ట మాట మర్చిపోయింది. తొండ మొదటిసారి తల ఊపడం ఆపింది. కాకి అయితే తను ముక్కు తుడుచుకున్న చోటునీ పిల్లల్నీ మార్చి మార్చి చూసింది. ఈలోపు పిల్లలు దానిమ్మ మీదకి, అక్కణ్ణించి గోడ మీదకి, అక్కణ్ణించి ఆకాశంలోకి ఎగిరిపోయాయి.

తేనెపిట్ట ఖాళీ గూటిని చూసుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఖాళీ గూళ్ళే చూసింది. ఖాళీ గూడు చూసి హాయిగా అనిపించడం మాత్రం ఇదే మొదటిసారి. దండెం మీదే కూర్చుని, ఎండలో కళ్ళు మూసుకుని, పట్టపగలు నిద్రపోయింది.

అప్పటినుంచే తేనెపిట్ట తన గూటిని చెత్త ముద్దలా కడుతుంది, ఆకులూ బెరడూ బూజూ అతికించి, కింద ఒక పీలిక వేలాడదీసి. అప్పటినుంచే చెట్లన్నీ వదిలేసి మన దండేలకి, మన గుమ్మాల పక్కన కడుతుంది, గుమ్మంలోంచి ముక్కు బయటపెట్టి కూర్చుంటుంది. మొగుడు ఎక్కడో దూరంగా పాడుతుంటాడు. మీ ఇంట్లో బూజు దులిపేటప్పుడు ముందు ఒకసారి వంగి చూడండి. చెత్తకి ముక్కుంటే, కర్ర పక్కకి తిప్పండి. ఎవరైనా ఏంటది అని అడిగితే మాత్రం, బూజు అనే చెప్పండి.