మూడు నోళ్లు దాటాల్సిన కబురు

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు. ఏరంటే ఎప్పుడూ నిండుగా పారేది అనుకోకండి. ఏడాదిలో పది నెలలు అందులో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. ఆ ఏటి నడుమ ఒక లంక ఉంది. లంక అంటే నీళ్ల మధ్య మేట వేసిన నేల. ఎండాకాలం చివర అడవంతా ఎండిపోయినా ఆ లంక మీద మాత్రం లేత గడ్డి ఉండేది.

ఆ గడ్డి చుక్కల జింకలది. ఎవరిచ్చారంటే నేను చెప్పలేను. తమదని జింకలే అనుకున్నాయి, మిగతావి ఒప్పుకున్నాయి. గట్టు మీద చెట్ల నీడ నెమళ్లది. గట్టు కింద పొదలు అడవికోళ్లవి. ఇక ఎండకు కాలే రాళ్లు మిగిలాయి. అవి తీతువు పిట్టలకు వచ్చాయి. తీతువు గూడు కట్టదు. రాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. నేల మీద పుట్టింది కాబట్టి తక్కువది అనేవారు. జింకపిల్ల కూడా నేల మీదే పుడుతుంది గదా అని మీరు అడగవచ్చు. ఆ అడవిలో ఎవరూ అడగలేదు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. తీతువు గొంతు జింక చెవిన పడితే మైల. అందుకని తీతువుకు ఏదైనా తెలిస్తే, ఏడడుగుల దూరంలో నిలబడి అడవికోడికి చెప్పాలి. అడవికోడి ఏట్లో మూడు మునకలు వేసి, రెక్కలు ఆరాక నెమలికి చెప్పాలి. నెమలి కూడా మూడు మునకలు వేసి, ఆరాక జింకలకు చెప్పాలి. నెమలి తోక ఆరడమంటే ఎంతసేపో మీరే ఆలోచించుకోండి.

మీరు నవ్వుతున్నారు గానీ, మా తాతగారింట్లో ఇలాంటిదే జరిగేది. తపాలా తెచ్చే మనిషి కులం తక్కువదని ఆయన ఉత్తరాన్ని అరుగు చివర పెట్టి వెళ్లమనేవారు. తర్వాత దాని మీద నీళ్లు చల్లి లోపలికి తెచ్చేవారు. సిరాతో రాసిన ఉత్తరం. ఒకసారి మా మేనత్తకు పురుడొచ్చిందని రాశారు. పుట్టింది మగపిల్లాడో ఆడపిల్లో నీళ్లలో కరిగిపోయింది. నెల్లాళ్లు ఇంటిల్లిపాదీ ఊహించుకుంటూ కూర్చున్నారు. తాతగారు మాత్రం నీళ్లు చల్లడం మానలేదు. సరే, మన జింకల దగ్గరికి వద్దాం.

ఆ మందలో చేమంతి అనే జింక ఉంది. దానికి పదిరోజుల పిల్ల. దాని అక్క పేరు పొన్న. మందకు పెద్ద ఒక ముసలి దుప్పి, పేరు పెద్దకొమ్ము. ఒక మధ్యాహ్నం పదకొండు జింకలు లంక మీద మేస్తున్నాయి. చేమంతి పిల్ల గడ్డిలో పడుకుని ఉంది. తల మీద ఆకాశం తేటగా ఉంది. దూరాన కొండల మీద మాత్రం నల్లటి వాన.

ఆ రాళ్ల మీద ఉండే ఒక తీతువు పురుగుల కోసం ఏటి ఎగువకు ఎగిరి వెళ్లింది. అక్కడ మలుపు దగ్గర ఎర్రనీళ్లు చెట్లను పెకలించుకుంటూ వస్తున్నాయి. అది వెనక్కి వచ్చి ముందు తన మూడు పిల్లల్నీ గట్టెక్కించింది. తర్వాత అడవికోడి పొద ముందు నిలబడింది.

"కొండ మీద వాన పడింది. వరద మలుపు దాటింది. జింకలు ఇప్పుడే లంక దిగాలి. ఆలస్యమైతే దాటలేవు" అంది.

భయంతో దాని గొంతు పెద్దదైంది. లంక దాకా వచ్చింది. చేమంతికి ప్రతి మాటా వినబడింది.

పొన్న తలెత్తి, "ఏదో అరుపులా ఉంది. నీకేమైనా వినబడిందా చెల్లీ?" అని అడిగింది.

చేమంతి పిల్ల వైపు చూసింది. తీతువు గొంతు విన్న జింక మూడు రోజులు మందకు దూరంగా ఉండాలి. ఆ మూడు రోజులూ పిల్లకు పాలివ్వకూడదు. పదిరోజుల పిల్ల మూడు రోజులు పాలు లేకుండా బతుకుతుందా? అడవికోడి వినే ఉంటుంది. నెమలికి చెబుతుంది. కబురు ఎలాగూ వస్తుంది. ఎంతసేపని?

"లేదక్కా. గాలేమో" అంది.

పొన్న ఆ మాట నమ్మి, మేసుకుంటూ లంక చివరి కొనకు వెళ్లిపోయింది.

అడవికోడి మూడు మునకలు వేసింది. రాయి మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంది. చేమంతి గడ్డి కొరుకుతున్నట్టు వంగి దాన్నే చూస్తోంది. ఒక రెక్క ఆరింది. రెండోది ఆరలేదు. చివరికి కోడి గట్టెక్కి నెమలి దగ్గరికి వెళ్లింది. కానీ తీతువు మాటలు ఉన్నవి ఉన్నట్టుగా నోట పెట్టుకోకూడదు గదా. కొన్ని వదిలేసి, కొన్ని మెత్తబరిచి, "అయ్యా, పైనుంచి నీళ్లు వస్తున్నాయట" అంది.

"ఎవరు చెప్పారురా?" అని నెమలి అడిగింది.

"ఎవరో కిందివాళ్లయ్యా."

"కిందుండేవాళ్లకు పైసంగతులు ఏం తెలుసు?" అంటూనే నెమలి మునకలకు బయల్దేరింది. నమ్మకం లేకపోయినా స్నానం తప్పదు.

తీతువు మళ్లీ ఎగువకు వెళ్లి చూసి వచ్చింది. ఈసారి ఏటి మీద ఎగురుతూనే అరిచింది. పెద్దకొమ్ము తల అటు తిప్పుకుంది. మిగతా జింకలు వంచిన తల ఎత్తలేదు. అన్నిటి నోళ్లలోనూ గడ్డి ఉంది. ఏ నోట్లోనూ నలగడం లేదు.

చేమంతి నీళ్లు చూసింది. పొద్దున అడుగు రాళ్లు కనబడ్డాయి. ఇప్పుడు కనబడటం లేదు. అది పిల్లను నాకుతున్నట్టు నటిస్తూ లేపి నిలబెట్టింది. ఒక్కో అడుగే ఏరు దాటే చోటు వైపు జరిపింది. గట్టు మీద నెమలి తోక విప్పి ఎండలో నిలబడి ఉంది.

మూడోసారి తీతువు అరవలేదు. వచ్చి లంక మీదే వాలింది. చేమంతికి రెండడుగుల దూరంలో.

పెద్దకొమ్ము ముందరి కాలితో నేలను తన్నింది. కోపమో భయమో నేను చెప్పలేను. "జింకల నడుమ వాలడానికి దీనికి ఎంత పొగరు? తరమండి దీన్ని" అంది.

రెండు కుర్ర దుప్పులు కొమ్ములు దించాయి. తీతువు కదల్లేదు.

"తరమండి. గట్టు మీదికే తరమండి. మీరూ నా వెంట రండి" అంది. తర్వాత చేమంతి వైపు తిరిగి, "అమ్మా, నీ పిల్లకు కాళ్లింకా నిలవవు. ఇప్పుడైతే దాటుతుంది" అంది.

చేమంతి అందరూ వినేలా, "ఎటు నుంచి దాటాలి?" అని అడిగింది.

తీతువుకు బదులు పలికిన మొదటి జింక అదే. తీతువు ముందు ఎగురుతూ నీళ్ల కింద రాళ్లున్న దారి చూపింది. చేమంతి దిగింది. కుర్ర దుప్పులు ఒకదాన్నొకటి చూసుకుని వెనకే దిగాయి. ఇంకో నాలుగు కదిలాయి. పెద్దకొమ్ము, మరో రెండు ముసలి జింకలు, "నెమలి నోట రానీ, అప్పుడు చూద్దాం" అని నిలబడిపోయాయి.

నడి ఏట్లో నీళ్లు కడుపుకు తగిలాయి. పిల్ల కాళ్లు తేలిపోయాయి. చేమంతి ఎగువ వైపు నిలబడి దాన్ని తన పక్కకు ఒత్తుకుంది. అలాగే నడిచింది. గట్టు తగలగానే వెనక్కి తిరిగి, "అక్కా, రా" అని పిలిచింది.

దూరాన లంక కొనన పొన్న తలెత్తింది. "ఏమైందే?" అన్నట్టు చూసింది. పరుగు మొదలుపెట్టింది. సగం లంక దాటింది. అప్పుడు వరద వచ్చింది.

నెమలి తోక అప్పటికి ఆరింది. అది గట్టు అంచుకు వచ్చి, గొంతు సవరించుకుని, "పైనుంచి కాసిని నీళ్లు వస్తున్నాయట. దాహమైనవాళ్లు తాగవచ్చు" అని చెప్పింది. చెప్పిన వైపు లంక లేదు.

బతికిన ఏడు జింకలూ వణుకుతూ నిలబడ్డాయి. వాటిలో ఒకటి, అలవాటు కొద్దీ, మనమంతా తీతువు గొంతు విన్నాం, మైల పడ్డాం, ఇప్పుడు శుద్ధి ఎవరు చేస్తారని అడిగింది. మైల పడనివాళ్లే శుద్ధి చేయాలి. అందరూ చుట్టూ చూశారు. మైల పడలేదనుకున్న నాలుగు జింకలూ ఏట్లోనే ఉన్నాయి.

చేమంతి పిల్ల పాలకు తల చాపింది. ఎవరూ వద్దనలేదు.

పిల్ల తాగాక చేమంతి తీతువు దగ్గరికి వెళ్లింది. తీతువు రెక్కల కింద మూడు పిల్లలూ ముడుచుకుని ఉన్నాయి.

"నువ్వు మొదటిసారి అరిచినప్పుడే నాకు వినబడింది. అక్క అడిగితే లేదన్నాను" అంది చేమంతి.

తీతువు పక్కకు జారిన ఒక పిల్లను ముక్కుతో రెక్క కిందికి తోసుకుంది.

"తెలుసు. నీ చెవులు నా వైపు తిరిగాయి. అది చూసే మళ్లీ మళ్లీ వచ్చాను" అంది.

నీతి: చెప్పినవాళ్ల పుట్టుక చూసి చెవులు మూసుకునేవాళ్లు తాము మునుగుతారు, విని కూడా విననట్టు ఉండేవాళ్లు తమను నమ్మినవాళ్లను ముంచుతారు.