వాషరు చెవి

అప్పలకొండ మేస్త్రిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఘాటురోడ్డు మొదట్లో ఆయన జీపుల షెడ్డు. ఆయన సంగతి శిష్యుడు గౌరీసుకి తెలియనిది కాదు. కానీ ఆ మధ్యాహ్నం అతనికి ఓపిక అయిపోయింది. గ్రీజు చేతులతోనే నేల మీద కూలబడి అడిగాడు.

“మేస్తిరిగారూ, మనిసి ఎంత జాగర్త పడితే సాలండీ?”

అడగడానికి కారణం ఉంది. పోయిన వానాకాలం గౌరీసు బిగించిన ముందు చక్రం ఒకటి ఘాటులో ఊడిపోయింది. జీపు కొండవైపు ఒరిగింది కాబట్టి డ్రైవరు కాలు విరగడంతో సరిపోయింది. లోయవైపు ఒరిగి ఉంటే ఈ కథ చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. అప్పటినుంచి గౌరీసు చక్రం నడిమి హబ్బు ఏది కూర్చినా పానాకి ఇనప గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి నట్టు బిగిస్తున్నాడు.

ఇప్పుడు ముందున్నది బొంజన్న జీపు. నాలుగు చక్రాలూ లాగే పాత బండి, పై ఊళ్ల నుంచి పురిటి మనుషుల్ని ఆసుపత్రికి దించేది అదొక్కటే. దాని ముందు చక్రం హబ్బుకి గౌరీసు కొత్త బేరింగులు వేశాడు, సీలు మార్చాడు. అయినా కొండెక్కేసరికి గ్రీజు కరిగి కారిపోతోంది, చక్రం మూలుగుతోంది. పైన ఒకామెకి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. బొంజన్న తాళం చెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారీ పాడైతే ఇక పానా ముట్టనని గౌరీసు అప్పటికే తేల్చుకున్నాడు.

మేస్త్రి నిట్టూర్చి లేచాడు. ఆయన మోకాళ్లకీ వయసొచ్చింది. బిగించిన నట్టు వదులు చేసి, జాకీ మీదున్న చక్రాన్ని చూపించాడు.

“తిప్పతా ఉండు. ఆపకు.”

గౌరీసు తిప్పుతుంటే ఆయన వట్టి పానాతో నట్టు బిగిస్తూ పోయాడు. చక్రం బరువెక్కగానే ఆగి, నట్టుని కాస్త వెనక్కి తిప్పాడు. చక్రం చప్పుడు లేకుండా, హాయిగా తిరిగింది. గౌరీసు మాత్రం తిప్పడం ఆపేశాడు.

“ఎనక్కి తిప్పేసినారేటండీ? ఊడిపోదా?”

మేస్త్రి లాకు వాషరు పెట్టి, పైన రెండో నట్టు వేసి, నట్టు మళ్లీ తిరగకుండా వాషరు అంచున పొడుచుకొచ్చిన చెవిని దాని మీదికి వంచాడు. తర్వాత శిష్యుణ్ణి సరిగ్గా ఆ చక్రం పైనున్న సీట్లో కూర్చోబెట్టి, తను వెనక ఎక్కాడు.

రెండో మలుపు దగ్గర బండి ఆపించారు. మేస్త్రి గౌరీసు చెయ్యి పట్టుకుని హబ్బు మీద ఆనించాడు. ఇంతకుముందు ఇక్కడికొచ్చేసరికి చెయ్యి కాలేది. ఇప్పుడు గోరువెచ్చగా ఉందంతే. బొంజన్న మరి ఆగలేదు, వాళ్లిద్దర్నీ రోడ్డు మీదే వదిలేసి కొండెక్కేశాడు.

ఇద్దరూ నడిచి దిగుతున్నారు. గౌరీసుకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“మరి ఆ రోజు బిగువు సాలకే కదండీ ఊడింది?”

ఇప్పుడు చెప్పబోయే ముక్క మేస్త్రి వానాకాలంలోనే చెప్పి ఉండొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఒళ్లు మండింది కూడా. కానీ అప్పుడు చెబితే గౌరీసు వినే స్థితిలో లేడేమో.

“బిగువు సాలక కాదురా,” అన్నాడాయన, నడక ఆపకుండానే. “వాషరు సెవి వంచడం మరిసిపోయావు. నువ్వు మరిసిపోయిందొకటి, సేసుకుంటన్న ప్రాచ్చిత్తం ఇంకోటి.”